హద్దు దాటిన ప్రాసెసర్

ఫిల్మ్‌నగర్‌లోని ఒక చిన్న గ్రాఫిక్స్ ఆఫీసులో బోరబండ రష్మి ఫైటింగ్ సీన్లకు నెత్తురు అద్దేది. కత్తి దిగినచోట, తల పగిలినచోట కంప్యూటర్‌లో రక్తం చిమ్మించడమే ఆమె పని. ఆమెకిచ్చిన కంప్యూటర్ పాతది. కొత్తది కొనమంటే యజమాని సిద్ధార్థ వినలేదు. దాంతో ఆమే సెట్టింగులు మార్చి, ప్రాసెసర్‌ను దాని హద్దు దాటి పరుగెత్తించింది. పని చకచకా సాగింది కానీ పెట్టె పొయ్యిలా కాలేది.

"సార్, ఇది గింత వేడికి ఆగదు. జర పెద్ద ఫ్యాన్ పెట్టియ్యుండ్రి," అని రష్మి చెబుతూనే ఉంది.

"నడుస్తోందిగా, నడవనీ," అనేవాడు సిద్ధార్థ.

ఒక మధ్యాహ్నం, పని చూడటానికి వచ్చిన సినిమా డైరెక్టర్ చూస్తుండగానే కంప్యూటర్ ఆగిపోయింది. చేసిన పనంతా పోయింది. సిద్ధార్థ రష్మి చెంప పగలగొట్టాడు. జుట్టు పట్టుకుని ఆమె తలను టేబుల్‌కేసి కొట్టాడు. మళ్లీ కొట్టబోతుంటే ఆమె కీబోర్డు లాగి అతని మొహం మీద బాదింది. అది విరిగేదాకా బాదింది. అతని పెదవి చీలి, పన్ను ఊడిపడింది.

"ఇంకోసారి చెయ్యి లేపినవంటే సంపుత," అంది.

నుదుటి గాయానికి చున్నీ అదుముకుని తిన్నగా పోలీస్ స్టేషన్‌కు నడిచింది. డైరెక్టర్ వెంట వెళ్లి, చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ సాయంత్రమే సిద్ధార్థను పట్టుకొచ్చారు. అతణ్ణి చూశాకే రష్మి ఆసుపత్రికి బయల్దేరింది.