పన్నెండు జేబుల సంచి

మా నాచారం దవాఖానా నర్సమ్మ పోయిందని బుధవారం పొద్దున ఫోనొచ్చింది. కొన్ని నెలలుగా మంచాన ఉందని తెలుసు. అయినా బుధవారమే పోవాలా? పిల్లలకు టీకా సూదులేసే రోజు అది, మంచాన పడేదాకా ఆమె ఒక్క బుధవారమూ మానలేదు. ఏడ్చాను. ఏడ్చి, మా అమ్మాయికి తల దువ్వి, పదేళ్ల సూదికి దవాఖానాకు బయల్దేరదీశాను. అట్నుంచే చెంగిచెర్లలో ఆమె ఇంటికి, ఆఖరి చూపుకు.

"సావు కబురు ఇని సూదికి పోతవా?" అని మా అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఆమె బతికుంటే నన్ను గిట్ల అడుగుతుంటివా అత్తా?" అన్నాను. పక్కకు జరిగింది.

మా అమ్మాయి పుట్టగానే ఏడవలేదు. మెదడుకు అప్పుడే దెబ్బ తగిలింది. కూర్చోలేదు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒక సూది వేయించిన సాయంత్రమే మొదటిసారి ఫిట్స్ వచ్చింది. ఇంక అంతే! సూదే చేసిందని అత్త అన్నది, గల్లీ అన్నది, నేనూ అన్నాను. సూదుల కార్డు బియ్యం డ్రమ్ములో అడుక్కి తోసేసి, ఇల్లు మారినప్పుడు పోయిందని నర్సమ్మకు అబద్ధం చెప్పాను.

దవాఖానా గోడకు ఒక గుడ్డసంచి వేలాడుతుంది, నెలకొకటి చొప్పున పన్నెండు జేబులు. ప్రతి పిల్ల కార్డులో సగం తల్లికిచ్చి, మిగతా సగం సూది ఉన్న నెల జేబులో పెడతారు. పిల్ల రాకపోతే ఆ ముక్కను పై నెల జేబులోకి మార్చాలి. మా అమ్మాయి కార్డు ముక్కను నర్సమ్మ రెండేళ్లు అలా మారుస్తూనే ఉంది. "ఒద్దన్నరని రాసి పక్కకు పెట్టు" అని తోటివాళ్లంటే, "ఒద్దన్నది తల్లి. పిల్లనడిగిన్రా?" అనేదట.

నెలనెలా మా ఇంటికొచ్చేది. చక్కెర లేని చాయ్ సాసర్లో పోసుకు తాగుతూ అమ్మాయి కాళ్లు మెల్లగా వత్తేది. లేచి పోతూ గుమ్మం దగ్గర ఒక్క మాట.

"కార్డు దొరికిందా బిడ్డా?"

"లేదు నర్సమ్మా."

"ఎతుకు. దొరుకుతది."

నా అబద్ధం ఆమెకు మొదటి రోజే తెలుసు! ఒకసారి ఒళ్లు మండి, "నా బిడ్డను గిట్ల జేసి మళ్లొచ్చిన్రా?" అని ఆమె మొహానే తలుపేశాను. మరుసటి నెల మళ్లీ వచ్చింది, అదే చాయ్, అదే మాట.

రెండో ఏడు ఎండాకాలంలో పక్క గల్లీలో పిల్లలకు తట్టు సోకింది. ఆ రోజు ఆమె చాయ్ కూడా వద్దంది.

"మంచిగున్న పిల్లలే ఆగమైతున్నరు. నీ బిడ్డకు మెతుకు మింగుడే కష్టం, దగ్గు వడితే ఏం గావాలె? అందరికంటె ముందు సూది కావల్సింది ఈమెకు."

"మళ్ల ఫిట్స్ వస్తే?"

"నా మాట నమ్మకు. నరాల డాక్టర్‌ను అడుగుదాం, పా."

సెలవు పెట్టి ఉప్పల్‌లో మాతో పాటు బస్సెక్కింది. ఫిట్స్‌కు కారణం పుట్టినప్పటి దెబ్బేననీ, మందులతో ఇప్పుడు అదుపులో ఉన్నాయనీ, సూది తప్పక వేయించాలనీ డాక్టర్ చెప్పారు. జ్వరమొస్తే ఏం చేయాలో కూడా చెప్పారు.

"రాసియ్యుండ్రి సార్."

"చెప్పాను కదమ్మా."

"మా బస్తీల మాటను నమ్మరు సార్, కాయితాన్ని నమ్ముతరు." రాసిచ్చేదాకా నర్సమ్మ కదల్లేదు.

పై బుధవారం బియ్యంలోంచి కార్డు తీసి, దవాఖానాకు పోయి సిగ్గుతో చచ్చిపోతూ ఆమెకిచ్చాను. దానికంటిన తవుడు దులిపి, "దొరికింది గదా!" అని నవ్వింది, అంతే. ఒళ్లో పెట్టుకుంటే అమ్మాయి బిగుసుకుపోతుందని చాప పరిచి, తనూ నేల మీద కూర్చుని సూది వేసింది.

"ఇసొంటి పిల్లకు గూడ ఎందుకమ్మా?" అని లైన్లోంచి ఎవరో అన్నారు.

"ఇసొంటి పిల్లకే ముందుగాల. నువ్వు లైన్ల నిలబడు."

ఆ రాత్రి కాస్త జ్వరం వచ్చి తగ్గింది. తర్వాత ఫిట్స్ రాలేదా? వచ్చాయి, ఏ సూదీ లేని నెలల్లో. ఆ సంగతి గల్లీ అంతా తిరిగి నేనే చెప్పాను, వినబుద్ధి కానివాళ్లకు ఇంకా గట్టిగా చెప్పాను.

ఈ బుధవారం దవాఖానాలో కొత్త నర్సు ఉంది, చిన్నపిల్ల. మా అమ్మాయిని చూసి జంకింది. "ఫిట్స్ వచ్చే పాప గదా, ఇంకోరోజు సూద్దాం మేడం..."

"నేను పోను. ముందుగాల ఆ సంచి సూడు, ఈ నెల జేబు."

వెతికి, సగం కార్డు తీసింది. దాని వెనక నర్సమ్మ రాత, మంచాన పడకముందు రాసిపెట్టింది: "నరాల డాక్టర్ కొత్త కాగితం తల్లి దగ్గరుంది. నేల మీద కూర్చుని సూది వేయాలి. తల్లి అరుస్తుంది, భయపడకు."

ఆ పిల్ల రెండుసార్లు చదివింది. నా వంక చూసింది. డాక్టర్ కాగితం తీసి చూపించాను. కుర్చీ పక్కకు జరిపి, చాప పరిచి నేల మీద కూర్చుంది.