పిలవని పిల్ల

మా చెల్లెలి కూతురు ఎవరినీ పిలవదు. మూగది కాదు, అడిగితే జవాబు చెబుతుంది. ఆకలైతే కంచం తెచ్చి నా ముందు పెట్టి నిలబడుతుంది. కానీ ‘పెద్దమ్మా’ అని ఒక్క కేక వెయ్యదు. వచ్చి నా కొంగు పట్టుకుని లాగుతుంది, అంతే.

పోయినేడాది ఎండాకాలం పుల్లలచెరువు వైపు వాళ్ల ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. వెనక్కి తిప్పుతున్న ఆ బండి కింద పడి మా చెల్లెలు పోయింది. పిల్లకప్పుడు ఆరేళ్లు. అక్కడే ఉంది. వాళ్ల నాయన ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగుళూరు పోతుంటాడు కాబట్టి, దినాలు కాగానే దాన్ని మార్కాపురం మా ఇంటికి తెచ్చుకున్నాను. ఏం చూశావని దాన్ని ఎవరూ అడగలేదు. చిన్నపిల్ల, దానికేం తెలుసు అన్నారు పెద్దవాళ్లు.

వచ్చిన కొత్తలో పక్క తడిపేది. చక్కగా రాసే అక్షరాలన్నీ మరిచిపోయింది. దడుచుకుందన్నారు. దర్గాకు తీసుకుపోయి ఊదించాను, తాయెత్తు కట్టించాను. ఒంగోలులో డాక్టరుకు చూపిస్తే, గొంతులో లోపమేమీ లేదు, మనసు బెదిరింది, తొందరపెట్టొద్దు అన్నాడు. తొందరపెట్టకుండా ఊరుకునేవాళ్లు మా వీధిలో ఎవరున్నారు నా తల్లీ!

మా వైపు పిల్లలకు మాటలు సరిగా రాకముందే వరసలు నేర్పిస్తాం. ఇంటికి ఎవరొచ్చినా, “నీకేమైతారు? పిలువు” అంటాం. పిలవని పిల్లకు పొగరంటారు, పెంచినవాళ్లను తిడతారు. వీధి చివర దుకాణం నడిపే తురకల ఆమెను మేమూ, వాళ్లవాళ్లూ, అందరమూ ఖాలా అనే అంటాం, పిన్ని అన్నట్టు. ఆమె బిస్కెట్ ప్యాకెట్ పైకెత్తి పట్టుకుని, “ఖాలా అను బేటీ, ఇస్తా” అని ఆటపట్టించేది. ఇది ఆ ప్యాకెట్ వైపు చూసి చూసి ఉత్తచేతులతో తిరిగొచ్చేది. “అబ్బో, ఏం మొండిదమ్మా మీ పిల్ల!” అంటూ ఆమే వెనకాల వచ్చి చేతిలో పెట్టిపోయేది. దాగుడుమూతల్లోనూ అంతే. దొరికినవాళ్ల పేరు పెట్టి అరవకుండా, పోయి చెయ్యి పట్టుకునేది. పిల్లలు దీన్ని ఆటలో చేర్చుకోవడం మానేశారు. అరుగు మీద ఒక్కతే కూర్చునేది.

ఈ ఏడు వానలు మొదలైనాక ఒక సాయంత్రం, పెరట్లో పేర్చిన పలకరాళ్ల దగ్గర దానికి తేలు కుట్టింది. నేను వంటింట్లోనే ఉన్నాను, మధ్యలో ఒక్క గోడ. అది అరవలేదు. కుంటుకుంటూ వచ్చి నా కొంగు లాగింది. తిరిగి చూద్దును కదా, ఒళ్లంతా చెమట, కొరుక్కున్న పెదవి మీద రక్తం.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేసి, ప్రాణానికి భయం లేదన్నాక నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

“ఏందే నీ మొండితనం? గోడ అవతలే ఉన్నా గదనే! పెద్దమ్మా అని ఒక్కసారి పిలిస్తే నీ సొమ్మేం పోతాదే?”

అది నా ముఖంలోకి చూడలేదు. దుప్పటి అంచు నలుపుతూ చెప్పింది.

“ఆ పొద్దు నేనే పిలిచినా. అమ్మ బిందె పెట్టి అవతలికి పోయింది. అమ్మా అని గట్టిగా పిలిచినా. నాకోసమని తిరిగొచ్చింది. అప్పుడే బండి ఎనక్కొచ్చింది.”

దుప్పటి నలుపుతున్న దాని చెయ్యి పట్టుకున్నాను.

“పిలిస్తే నువ్వు గూడ వస్తావు గదా,” అంది.

దాన్ని వాటేసుకుని ఏడ్చాను. నీ తప్పు కాదు, బండివాడు చూసుకోలేదు, అని ఎన్ని విధాల చెప్పానో. తల ఊపింది. నమ్మిందని నేననుకోను.

ఇప్పటికీ పిలవదు. పిలవమని ఎవరినీ అడగనివ్వను నేను. చేస్తున్న పని వదిలేసి, అది ఎక్కడుందో ఏం చేస్తుందో అని నేనే పోయి చూసొస్తుంటాను. ఒక్కోసారి గడపలో నన్ను చూడగానే దాని ముఖం పాలిపోతుంది.

“నేను పిలవలేదు గదా?” అంటుంది.

“లేదు తల్లీ. నువ్వు పిలవలేదు. నేనే వచ్చినా,” అంటాను.