మొగిలమ్మ పెట్టిన గింజలు

మొగిలమ్మ చేతి చలువ పోయిందని వాడంతా చెప్పుకున్నారు. పోయినేడు చలి తగ్గుముఖం పట్టగానే ఆమె వినోద పెరట్లో బీరగింజలు పెడితే ఒక్కటీ మొలవలేదట. "ముసలితనం మీదికొచ్చినంక చేతిల బలం ఏడుంటది?" అని నల్లా దగ్గర ఎవరో అన్నారు. బిందెలు నిండేలోపు ఆ మాట ఇంటింటికీ చేరింది.

మొగిలమ్మ డోర్నకల్ నుంచి హసన్‌పర్తికి కోడలిగా వచ్చిన ఏడాదే అత్త ఆమెతో సొరగింజలు పెట్టించింది. ఆ తీగ తమ రేకుల కప్పు నిండి, పక్కింటి కప్పు మీద కూడా పరుచుకుంది. అప్పటినుంచి చలి వెళ్ళే రోజుల్లో ఎవరి పెరట్లో గింజ పడాలన్నా ఆమెనే పిలిచేవారు. మొగుడు మార్కెట్‌లో మూటలు మోసేవాడు. ఆయన పోయాక ఆమె కలుపు కూలితోనే బతికింది. ఇళ్ళవాళ్ళు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మాట్లాడించేది మాత్రం గింజలు పెట్టే ఆ రోజుల్లోనే.

ఈ ఏడు శివరాత్రి కూడా దాటింది. ఎవరూ పిలవలేదు. మొగిలమ్మ తన పెరడు తవ్వింది, పెంట చల్లింది, పందిరికి విరిగిన గుంజ మార్చింది. బూడిదలో దాచిన గింజలు మాత్రం బయటికి తియ్యలేదు. తన పెరట్లోనూ మొలవకపోతే వాడ మాట నిజమవుతుంది. పెట్టకుండా ఉంటే ఏదీ తేలదు.

ఒక పొద్దున పక్కింటి బేగం బీ గోడ మీదుగా పిలిచింది.

"ఏం మొగిలమ్మా, ఎండలు ముదిరినంక పెడ్తవా మా సొరగింజలు? రాత్రే నానేసిన."

"నాతోని వద్దక్కా. వాడంత ఏమంటాండ్లో ఇనలేదా?"

"ఇన్న. నాకేమన్న చెవుడా?"

"మరెట్ల పిలుస్తవు?"

"నేను పెట్టినయి ఎన్నిసార్లు మొలవలే! నా చెయ్యి మంచిది కాదని ఒక్కలన్న అన్నరా? నీకే పెద్ద పేరొచ్చింది పో! జర జల్ది రా, చాయ్ చల్లారుతాంది."

లోపల్నుంచి ఆమె కోడలు హుమేరా నవ్వింది. "రా అత్తా, మొలవకపోతే మా అత్తమ్మ మీదికి తోస్తం."

మొగిలమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని వెళ్ళింది. గింజలు పెట్టి మన్ను కప్పింది.

"రోజూ నీళ్ళెవరు పోస్తరు?" అని అడిగింది.

"నేనే" అంది హుమేరా.

ఆ తర్వాత మొగిలమ్మ ఆ గోడ వైపు చూడటమే మానేసింది. చివరికి హుమేరానే కేకేసింది.

"అత్తా! నెత్తి మీద తొక్క పెట్టుకొని లేస్తానయి, వచ్చి చూడు!"

మొగిలమ్మ పోయి చూసింది. కాసేపు వంగే నిలబడింది. ఇంటికొచ్చి బూడిద జల్లించి తన గింజలు నానబెట్టింది.

పోయినేడు మొగిలమ్మ గింజలు పెట్టిన మర్నాడే వినోద వాళ్ళు ఇంటికి తాళం వేసి మేడారం జాతరకు పోయారు. అటునుంచటే ములుగులో చుట్టాలింటికి వెళ్ళి, వారం దాటాక వచ్చారు. అన్ని రోజులూ ఆ పెరట్లో చుక్క నీళ్ళు పోసినవాళ్ళు లేరు.