గాజుబుడ్డిలో గోధుమరంగు నీళ్ళు

టెక్కలి హైస్కూల్లో సైన్సు చెప్పే గౌరీశ్వరికి ఆ ఏడు మనసు ఒకచోట నిలిచేది కాదు. పాఠం మధ్యలో సుద్దముక్క పట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది. అన్నం కలుపుకుని, ముద్ద నోట పెట్టుకోవడం మరిచిపోయేది.

కారణం ఒక పత్రికలో చదివిన వ్యాసం. భూమి పసితనంలో ఉండేవనుకునే వాయువుల్ని నీటి ఆవిరితో పాటు గాజుబుడ్డిలో బంధించి, మెరుపులకు బదులు విద్యుత్తు రవ్వలు పుట్టించారట అమెరికాలో. కొన్నాళ్ళకి నీరు రంగు మారి, మన ఒంట్లోని మాంసకృత్తులకు ముడిసరుకైన ఆమ్లాలు అందులో కనిపించాయట.

చిన్నప్పుడే భర్త పోతే, అర్చకుడైన తండ్రి ఊరి మాటలు లెక్కచేయక ఆమెను వాల్తేరులో చదివించాడు. ఆయనా పోయాక ఇంట్లో మిగిలింది తల్లి జగదాంబ ఒక్కర్తే. కూతురు మురికిగుంటలో బురద కెలికి, పైకొచ్చే బుడగల్ని సీసాలో పడుతోందని తెలిసి ఆవిడ పరుగున వచ్చింది.

"ఏటే ఇది? అర్చకుల ఇంటి ఆడపిల్లవి, బురదలో ఆ చేతులేటి?"

"పసి భూమి మీద ఉన్న గ్యాసుల్లో ఇదొకటమ్మా. జీవం ఎలా మొదలైందో చూడాలి."

"పుట్టించినవాడికి తెలుసు. నీకెందుకే ఆ గోల?"

"నీళ్ళూ గాలీ మెరుపులూ ఉంటే చాలనుకో, అంగారకుడి మీద మాత్రం ఎందుకు పుట్టకూడదు? అది తలుచుకుంటే కుదురుగా కూర్చోలేకపోతున్నానే!"

రవ్వలు పుట్టించే కాయిల్ స్కూల్లోనే ఉంది. ఊళ్ళో కరెంటు లేక బ్యాటరీలు పలాస సినిమాహాల్లో చార్జి చేయించి తెచ్చేది. బురద గ్యాసునీ, కాస్త అమ్మోనియానీ నీళ్ళతో పాటు బుడ్డిలో బంధించి రోజుల తరబడి రవ్వలు పుట్టించింది. హెడ్మాస్టరు రామూర్తి మొదట గొణిగినా, బుడ్డిలో నీళ్ళు పసుపెక్కి, ఆపైన గోధుమరంగుకు తిరిగేసరికి ఆయనకూ హుషారు పుట్టింది. ఆమె ఆ నీళ్ళు సీసాలో పోసుకుని నౌపడలో రైలెక్కింది. వాల్తేరులో తనకు చదువు చెప్పిన పాత లెక్చరరు కాగితం మీద రెండు చుక్కలు వేసి, ఆమ్లాలుంటే ఊదాగా మారే మందు చల్లి వేడిచేశాడు. కాగితం ఊదారంగు తిరిగింది. గౌరీశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆమ్లాలున్నాయి," అన్నాడాయన. "కానీ ఆ గ్యాసు కుళ్ళిన ఆకుల్లోంచి వచ్చింది. బిరడా మీ చేత్తో బిగించారు. చేతిచెమట తగిలినా ఈ రంగే వస్తుంది. రవ్వ లేకుండా ఇదే మళ్ళీ చేసి చూశారా?"

చూడలేదు. తిరుగు ప్రయాణమంతా ఆమె తలుపు దగ్గరే నిలబడి వచ్చింది. ఆ మందు కొంచెం అడిగి తెచ్చుకుంది.

కాగితం రంగు తిరిగిందన్న మాట విన్నాక ఇక్కడ రామూర్తి ఊరుకోలేదు. "టెక్కలిలో జీవం పుట్టించారు, ఇక అంగారకుడి మీదా ఉన్నట్టే" అని చాటించి, సన్మానసభకు మనుషుల్ని పిలిచేశాడు. సభనాటికి ఆమె రవ్వలేని బుడ్డి పరీక్ష ముగించింది. ఆ నీళ్ళు తేటగానే ఉన్నాయి గానీ, కాగితం మాత్రం ఊదాగానే తిరిగింది.

"ఇవాళ్టికి ఊరుకోండమ్మా, తరవాత చెప్పుకోవచ్చు," అని రామూర్తి బతిమాలాడు.

ఆమె దండ పక్కన పెట్టి లేచింది. "నా బుడ్డిలో ఏదైనా కొత్తగా పుట్టిందని నేను చెప్పలేను. రవ్వ లేకపోయినా కాగితానికి అదే రంగొచ్చింది. ఎక్కడో నా చేతి మురికే కలిసుంటుంది."

ఎవరో నవ్వారు. జగదాంబ తలవంచుకుంది. భావనపాడు నుంచి వచ్చిన సన్యాసిరావు అనే పెద్ద జాలరి, వెనక వరసలోంచి లేచాడు.

"మరైతే ఆ ఎర్ర సుక్క, అంగారకుడి మీద ఎవులూ నేరా అమ్మా?"

"ఉన్నారో లేరో తెలీదు బాబూ."

"నేరంటావా, తెలీదంటావా? రెండూ ఒకటి కాదు గదా!"

"తెలీదనే అంటున్నాను," అంది గౌరీశ్వరి. దండ అక్కడే వదిలి వేదిక దిగింది.

ఆ తరవాత రామూర్తి ల్యాబు తాళం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆమె ఏడాది గింజుకుని, ఉద్యోగం మానేసి, లెక్చరరు దగ్గర పరిశోధనకు చేరడానికి వాల్తేరు బయల్దేరింది. జగదాంబ మూటాముల్లె సర్దుకుని తనూ బండెక్కింది. "ఒక్కదానివీ పోతే తిండి ఎవరు గుర్తు చేస్తారే?" అంటూ దారంతా దెప్పింది. గౌరీశ్వరి ఊఁ కొడుతోంది గానీ, శుభ్రమైన గ్యాసు ఎలా తయారు చేయాలా అని ఆమె వేళ్ళు సీటు అంచున గీతలు గీస్తూనే ఉన్నాయి.