రూపాయి బిళ్ళ మీద నాయన పేరు

మా చిన్నప్పుడు మార్కాపురంలో... ఒక రూపాయి బిళ్ళ మా ఇంట్లో ఎవరినీ కుదురుగా ఉండనియ్యలేదు.

అమ్మకు సంతలో చిల్లరగా వచ్చింది. సింహాల బొమ్మ ఒక పక్కకు జరిగిపోయి, ఇంకో పక్క నెలవంక మాదిరి ఖాళీ... "దొంగ బిళ్ళ అంటగట్టినారు నీకు!" అని నాయన అమ్మ మీద ఎగిరినాడు. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే మా నాయనకు అనుమానం ఇంటిపేరు. ఉప్పు కొన్నా నాలిక మీద వేసుకుని చూసే రకం.

నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని శెట్టి మామ దుకాణానికి పోయినాడు. వాళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ స్నేహితులు, "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళు.

మామ బిళ్ళను బండ మీద వేసి మోగిచ్చినాడు. తిప్పి తిప్పి చూసినాడు. "రెండు పక్కలా బొమ్మ జరిగింది బావా. దొంగది కాదు... టంకశాలలోనే అచ్చు తప్పు పడింది. ఇట్లాంటివాటికి మంచి ధర ఇచ్చేవాళ్ళు ఉంటారు. నంద్యాలలో మా బావమరిదికి తెలుసు. ఒక వారం నా కాడ ఉంచు, చూపిచ్చి తెస్తా" అన్నాడు.

నాయన "రేపు తెస్తాలే" అని జేబులో వేసుకున్నాడు.

దారిలో నేనే అన్నా... "నాయనా, మామ దీన్ని ఉంచుకుని, ఇట్లాగే కనపడే దొంగ బిళ్ళ మనకిస్తే?"

అంతే! సైకిల్ తిప్పి నేరుగా గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన దగ్గరికి పోయినాడు. మా ఇంట్లో చెంబు, గరిటె, నా టిఫిన్ డబ్బా... అన్నిటి మీదా పేరు ఉండాల్సిందే. పెళ్ళికి బిందె ఎరువిచ్చినా మనదే మనకు తిరిగి రావాలి కదా! బిళ్ళలో ఖాళీగా ఉన్న చోట "జె. దావీదు" అని గర్రున కొట్టిచ్చినాడు. "ఇప్పుడెట్ల మారుస్తాడో చూస్తా" అన్నాడు. నేనైతే మా తెలివికి మురిసిపోయినా.

మరుసటి రోజు మామ ఆ పేరు చూసి తల పట్టుకున్నాడు. "ఏంది బావా ఇది! గీత పడితేనే ధర పోతుందే... పేరు కొట్టిస్తివా? ఎందుకు?"

నాయన నేల చూసినాడు.

మామకు అర్థమైపోయింది. "ఓహో... నేను మారుస్తాననా" అని మెల్లగా అని, బిళ్ళ నా చేతిలో పెట్టినాడు. కోప్పడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది!

ఆ తర్వాతా అక్కడే సరుకులు తెచ్చుకున్నాం. కానీ పప్పు తూచేటప్పుడు మామ తక్కెడ ముల్లు నాకు కనపడేటట్టు తిప్పి, "చూసుకో అమ్మా, సరిగ్గా ఉందా?" అని అడిగేవాడు... అంతకుముందు ఏ రోజూ అట్ల అడగలేదు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఆ అనుమానం ముందు పుట్టింది నాకేనని ఆయనకు చెప్పలేకపోయినా.

ఇప్పుడు అన్నీ ప్యాకెట్లే... తూకం ముందే అచ్చేసి ఉంటుంది. చూసుకోమని అడిగే మనిషే లేడు. తప్పయింది మామా అని చెప్పుకుందామన్నా మామ లేడు.

మీరూ ఇట్ల ఊరికే అనుమానపడి నొప్పిచ్చిన మనిషి ఎవరన్నా ఉన్నారా? కింద రాయకపోయినా పర్వాలేదు... ఆ మనిషి ఉండగానే పోయి ఒక మాట చెప్పి రండి.