తాళం రేకు కింద

వెండెల్ థాక్స్టర్‌కి పాత సామాను పిచ్చి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అతని ఊరి చుట్టుపక్కల ఏ పశువుల కొట్టంలోనైనా వందేళ్ల నాటి కుర్చీ కాలు విరిగి పడి ఉందంటే చాలు, ట్రక్కేసుకుని వాలిపోయేవాడు. తెచ్చినదాన్ని తెచ్చినట్టు ఉంచితే వెండెల్ ఎందుకవుతాడు? కాస్టిక్ సోడా నీళ్లు పోసి, గీకి, పాత రంగంతా ఊడగొట్టి, నూనె పట్టించి, కొత్త పెళ్లికొడుకులా నిలబెట్టేవాడు. పందొమ్మిది వందల డెబ్భైల్లో అందరికీ అదే మోజు. కలప కనబడితేనే అందం అనుకునేవాళ్లు.

"మీ ఇంట్లో కుర్చీలు ఎక్కువై కూర్చోడానికి చోటు లేదురా," అని పక్క పొలం క్లైడ్ ఏడిపించేవాడు.

"కూర్చోడానికెవడు తెచ్చాడు? ముట్టుకోకు, నూనె ఆరలేదు," అనేవాడు వెండెల్.

ఆ ఇంట్లో అతని చెయ్యి పడనిది ఒక్కటే, భార్య ఓర్ఫా పుట్టింటి నుంచి తెచ్చుకున్న దుప్పట్ల పెట్టె. ఆమె ముత్తవ్వ తడి రంగులో వేళ్లు అద్ది, మూత అంచుల వెంటా, తాళం చుట్టూ ఎర్రని సుళ్లు తిప్పిందట. చిన్నప్పుడు ఓర్ఫా వాటిలో తన వేళ్లు పెట్టి ఆడుకుంది. పెద్దయ్యాక కూడా దుప్పటి తీసినప్పుడల్లా వాటి మీద చెయ్యి ఆనించేది. రంగు సగం పెచ్చులూడింది. "బాగుచేసిస్తానే," అని వెండెల్ ఏటా అడగడం, "వద్దు, దాని జోలికి పోకు," అని ఆమె అనడం.

ఆ ఊళ్లో వద్దనడం మర్యాద. వేడి వేడి బీన్స్ వడ్డించబోయినా రెండుసార్లు వద్దని, మూడోసారి పళ్లెం చాపుతారు. ఓర్ఫా వద్దన్నదీ అలాంటిదే అనుకున్నాడు మొగుడు. తనకి శ్రమ ఎందుకని మొహమాటపడుతోందనుకున్నాడు. అన్నేళ్లు కాపురం చేసి మహానుభావుడు తెలుసుకున్నది అదీ.

ఓర్ఫాకి కడుపులో గడ్డ లేచింది. పోర్ట్‌లాండ్ ఆసుపత్రిలో కోసి చూసి, లాభం లేదని మళ్లీ కుట్టేశారు. కాస్త తేరుకున్నాక ఇంటికి తీసుకెళ్లమన్నారు. పోయేలోగా ఆమెను ఒక్కసారైనా సంతోషపెట్టాలని వెండెల్ ప్రాణం కొట్టుకుంది. అతనికి చేతనైనది ఒకటే పని. ఆమె వచ్చేలోగా ఆ పనే చేశాడు.

ఇంటికొచ్చిన ఓర్ఫా మంచం పక్కన నిగనిగలాడుతున్న పెట్టెని చూసింది. అలవాటుగా చెయ్యి చాచి మూత అంచు తడిమింది. నున్నగా ఉంది. ఇంకోవైపు తడిమింది. అక్కడా అంతే.

"బాగుంది వెండెల్," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమె వద్దన్నది నిజంగానే వద్దని అప్పుడర్థమైంది అతనికి. కొట్టంలోకి పోయి ఎర్ర రంగు కలిపి, పాత చెక్కల మీద తన వేళ్లతో సుళ్లు తిప్పి చూశాడు. మరకలు తప్ప ఏమీ రాలేదు. ఏం చేసినా ఆ ముత్తవ్వ సుళ్లు తిరిగి రావు.

మేకులు తుప్పు పట్టాయని అతను ఊడదీయకుండా వదిలేసిన ఇత్తడి రేకు ఒకటి పెట్టె తాళం కన్నం మీద ఉందని గుర్తొచ్చింది. ఇంట్లోకి పరిగెత్తి పట్టకారుతో దాన్ని పీకాడు. కింద బొటనవేలంత ఎర్ర రంగు, అందులో సగం సుడి. గబగబా పెట్టెని మంచానికి ఆనించాడు.

"ఓర్ఫా, ఇటు చూడవే. ఇదింకా ఉంది."

ఆమె వేలు దాని మీద పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. అతనికి ఆశ పుట్టింది.

"రేకు మళ్లీ కొట్టెయ్," అంది.

"ఎందుకే? కనబడనీ."

"కొట్టెయ్. అదొక్కటైనా నీ చేతికి అందకుండా ఉండనీ."

వెండెల్ సుత్తి తెచ్చుకుని, ఆమె చూస్తుండగా మేకులన్నీ కొట్టాడు.