తమ్ముడికి ఎదురుగా చెప్పిన మాట

మొన్న మా మేనకోడలు కాలేజీ దరఖాస్తు నింపుతూ ఫోన్ చేసింది. "అత్తా, గార్డియన్ అన్న కాడ ఎవరి పేరు రాయమంటావు?" అని. "మీ అమ్మ పేరు రాయే" అని పెట్టేశాను కానీ, ఆ పూటంతా పని మీద మనసు నిలవలేదు.

తన కోసం అమ్మానాన్నా కోర్టుకెక్కిన నాటికి ఆ పిల్లకి ఏడేళ్లు. మా తమ్ముడు గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసేవాడు. తాగితే మనిషి కాడు. తాగనప్పుడు అంత మంచివాడు లేడు. చర్చిలో వాడు పాట అందుకుంటే వెనక బల్లల మీది ముసలమ్మలు కూడా కునుకు మానేవారు. మరదలు నర్సు. నడుం నొప్పికని మొదలుపెట్టిన ఇంజెక్షన్లు ఆమెను వదల్లేదు, ఉద్యోగం పోయింది. ఒకరోజు బడి విడిచాక పిల్లను తీసుకురావడం ఇద్దరూ మరిచిపోతే, వాచ్‌మన్ నాకు ఫోన్ చేశాడు. అప్పటినుంచి పిల్ల గజపతినగరంలో నా దగ్గరే ఉండేది. మరదలు విశాఖలో వైద్యం చేయించుకుని, ఏడాదిపాటు వాటి జోలికి పోకుండా నిలబడి, పిల్ల కోసం కోర్టుకెళ్లింది. తానూ తాగుడు మానేశానని, పిల్ల తనకే కావాలని అన్నాడు తమ్ముడు.

విజయనగరం కోర్టు వరండాలో, నన్ను సాక్ష్యానికి పిలిచే ముందు, వాడు పక్కన చేరాడు. "అక్కా, నాను మానేసినానని ఒక్క ముక్క సెప్పు. నీ మాటైతే నమ్ముతారు." వాడి నోట్లో వక్కపొడి ఘాటు. దాని కిందున్న వాసన నాకు తెలియనిది కాదు.

లోపల జడ్జిగారు, పెద్దావిడ, సూటిగా అడిగారు: "మీ తమ్ముడు తాగుడు మానేశారా?" ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకి అబద్ధమాడకూడదని పాఠం చెప్పినదాన్ని. నేను చంకనేసుకుని పెంచిన తమ్ముడు నా పెదవులకేసే చూస్తున్నాడు.

"లేదమ్మా. ఇవాళ కూడా తాగే వచ్చాడు."

"మరి తల్లి?"

"మానేసిందండి. రేపటి సంగతి నేను చెప్పలేను."

పిల్లను తల్లికిచ్చారు. తల్లీబిడ్డా అమ్మమ్మగారింట్లోనే ఉండాలని, తల్లి నెలనెలా ఆస్పత్రిలో పరీక్ష చేయించుకోవాలని షరతు. తండ్రి ఆదివారాలు నా ఇంట్లో, నా ఎదురుగా చూడవచ్చు. బయటికొచ్చాక తమ్ముడు, "నన్ను సంపేసినావు కదే అక్కా" అని ఒక్కమాట అని బస్సెక్కిపోయాడు.

మూడు నెలలు రాలేదు. ప్రతి ఆదివారం పిల్ల మా గుమ్మంలో కూర్చునేది, నేను వంటింట్లోంచి బయటికి రాలేకపోయేదాన్ని. నాలుగో నెలలో గడ్డం గీసుకుని వచ్చాడు. "ఊదమంటావేటి?" అని నా ముఖం దగ్గర నిలబడ్డాడు. వాసన లేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఆ తరవాతా జారాడు, మళ్లీ లేచాడు. మరదలు మాత్రం నిలబడింది.

జడ్జిగారి ముందు నిలబడ్డ ఆ కాసేపు ఇప్పటికీ గడవనట్టే ఉంటుంది. ఆ తరవాతి ఏళ్లు మాత్రం, పిల్ల నా భుజం దాటి ఎదిగాక గానీ, వెళ్లిపోయినట్టు తెలియలేదు.